బిట్లు, నవలలు, నోరు విప్పని జమ్ములమ్మ

మీ తరగతిలో నోరు విప్పని పిల్ల ఒకరైనా ఉండే ఉంటారు. ఆ పిల్ల ఎందుకు మాట్లాడదో మీరు తెలుసుకున్నారా, లేక ఏదో ఒక పేరు పెట్టి ఊరుకున్నారా?

కోపం తెచ్చుకోకండి. ఈ ప్రశ్న నేను ఏళ్ల తరబడి నా శిష్యులను అడిగాను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో మనస్తత్వశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. నాగర్‌కర్నూలులో మొదలుపెట్టాను, వనపర్తిలో చాలాకాలం చేశాను, గద్వాలలో రిటైరై అక్కడే ఉండిపోయాను. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో, ఏ ఉత్తర్వు మీద ఎక్కడికి బదిలీ అయ్యానో రాయను. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు పనికొచ్చేవి రెండే నా దగ్గర ఉన్నాయి. ఒకటి, నేను చదివిన పుస్తకాలు నన్ను ఎక్కడ నడిపించాయి, ఎక్కడ ముంచాయి అన్నది. రెండోది ఒక పిల్ల కథ.

బిట్లలో మనసు

మా జిల్లాల్లో మనస్తత్వశాస్త్రాన్ని చదవరు, బిట్లుగా బట్టీ పడతారు. ఒక ప్రశ్న, కింద నాలుగు జవాబులు, అందులో ఒకటి సరైనది. టెట్టుకూ డీఎస్సీకీ తయారయ్యేవాళ్లకు ఈ బిట్ల పుస్తకమే అన్నం, నీళ్లు. ఏ వయసు పిల్ల ఏ దశలో ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సొంత చెల్లెలు మూడు రోజులుగా ఎందుకు మూతి ముడుచుకుందో అడిగితే తెల్లముఖం వేస్తారు.

అంతకుముందు మేం చదువుకున్న పెద్ద పాఠ్యపుస్తకాలు వేరే రకం. వాటిలో పిల్లలు మంచు మీద జారేవారు, పియానో నేర్చుకునేవారు. కృష్ణ ఒడ్డున, ఎండకు కాలే బండల మధ్య పుట్టిన మేం ఆ మంచును బట్టీ పట్టి పరీక్ష రాశాం. పాసయ్యాం కూడా. పుస్తకంలో పిల్లకూ మా ఊరి పిల్లకూ ఏం సంబంధమని ఒక్కరమూ అడగలేదు.

అయినా ఆ పుస్తకాలంటే నాకు ఇష్టం. అబద్ధమెందుకు, వాటిని చదువుతుంటే ఒళ్లు తెలిసేది కాదు. మరుపు అనేది ఊరికే జరిగేది కాదని, మనసు కొన్నిటిని ఏరి మరీ పక్కన పెడుతుందని మొదటిసారి చదివింది బస్సులో. మరుపు గురించి చదువుతూ, దిగాల్సిన చోటు మరిచిపోయి కల్వకుర్తి దాకా వెళ్లిపోయాను. కండక్టరు తిట్టాడు. నాకు మాత్రం ఆ తిట్లు వినబడలేదు. నా తలకాయలో ఇంత పని జరుగుతుంటే ఇన్నాళ్లూ నాకు తెలియదే అనిపించింది.

ఇక మూడో రకం పుస్తకాలు ఉన్నాయి. బస్టాండుల్లో, ఎర్రటి అట్టలతో వేలాడుతుంటాయి. గట్టిగా అనుకుంటే చాలట, అనుకున్నది అయిపోతుందట. నా శిష్యుల సంచుల్లో బిట్ల పుస్తకం పక్కన ఇది కూడా ఉండేది. నేను తరగతిలోనే అడిగేదాన్ని: వానలు పడాలని పాలమూరు రైతు అనుకున్నంత గట్టిగా ఈ లోకంలో ఎవరు అనుకున్నారు? పూణెలో ఇటుకలు మోస్తున్న మన కూలీలు సరిగ్గా అనుకోవడం రాక మోస్తున్నారా? తాయెత్తును చొక్కా లోపల కట్టుకుంటారు, ఈ పుస్తకాన్ని చేతిలో పట్టుకుంటారు. తేడా అంతే. మొదటిదాన్ని చూసి నవ్వేవాళ్లు రెండోదాన్ని కొని చదువుతున్నారు, అదే నా కోపం.

నవలల్లో మనసు

నేను వాదసభల్లో పెరిగిన మనిషిని. మా నాయన నన్ను చిన్నప్పుడే హేతువాదుల సభలకు వెంట తీసుకుపోయేవాడు. ఆయనకు నవలలంటే చిన్నచూపు.

"జరగని దాన్ని చదివి ఏం జేస్తవ్ బిడ్డా?" అనేవాడు.

"జరగలేదని తెలిసే చదువుతున్న నాయనా. పురాణం ఇనేటోళ్లు జరిగిందనుకొని ఇంటరు. ఎవరు నయం?" అన్నాను ఒకరోజు.

నాయన నవ్వేశాడు. వాదంలో ఆయన్ని గెలిచింది ఆ ఒక్కసారే.

అయితే నవలలన్నీ గొప్పవని అనను. పుట్టుకతోనే దుర్మార్గుడైన వాడు ఒకడు, పుట్టుకతోనే దేవతైన ఆమె ఒకతె, మధ్యలో మనుషులు ఎవరూ ఉండని నవలలు చాలా చదివాను. హిప్నాటిజాన్నీ చేతబడినీ గతజన్మనీ ఒక గిన్నెలో కలిపి, దానికి మనస్తత్వశాస్త్రమని పేరు పెట్టి, వారం వారం భయపెట్టిన నవలలూ చదివాను. భయపడ్డాను కూడా. అవి చదివి దయ్యాల్ని నమ్మినవాళ్లను తిరిగి మామూలు చెయ్యడానికి నాకు చాలా పాఠాలు ఖర్చయ్యాయి.

మంచి నవల వేరు. మొదటి పేజీలో ఒక మనిషిని చూపించి, ఈమె ఎవరో నీకింకా తెలియదు, తొందరపడకు అంటుంది. బిట్ల పుస్తకం మనిషిని చూపించకుండానే, ఈమె ఎవరో నీకు తెలుసు, గుర్తు పెట్టు అంటుంది. నా వృత్తి జీవితమంతా ఈ రెండు పుస్తకాల మధ్య తగాదానే.

గద్వాలలో మా ప్రిన్సిపాలు సారుతో కూడా ఇదే తగాదా. కళాశాల అల్మారాలో నవలలు పెట్టించమని అడిగాను.

"మేడం, టెట్టుల నవల మీద ఎన్ని బిట్లొస్తయి?"

"ఒక్కటి రాదు సార్."

"మరి?"

"బడిల పిల్ల మీద ఎన్ని బిట్లొస్తయి సార్?"

ఆయన నన్ను అదోలా చూసి, అల్మారా తాళంచెవి నా ముందుకు తోశాడు. "మీతోని వాదం పెట్టుకుంటే నా లంచ్ టైమ్ పోతది" అన్నాడు. ఒప్పుకుని ఇచ్చాడో, విసిగి ఇచ్చాడో నాకు అనవసరం.

చూసినవా?

నాకు పని నేర్పింది మాత్రం నాగర్‌కర్నూలులో నా మొదటి పెద్దసారు. పుస్తకాలు ఎక్కువ చదివిన మనిషి కాదు. ఒకసారి మా హాస్టల్లో ఒక అమ్మాయికి దయ్యం పట్టిందని పుకారు లేచింది. నేను కొత్త, ఒంట్లో వేడి ఉంది. దయ్యాలు లేవని పెద్ద ఉపన్యాసం తయారు చేసుకున్నాను. పెద్దసారు నన్ను ఆపి, మొదట చెప్పిన అమ్మాయిని పిలిచాడు.

"నువ్వు చూసినవా?"

"లే సార్, పద్మ చెప్పింది."

పద్మను పిలిచాడు. పద్మ వంటమనిషి పేరు చెప్పింది. వంటామె వాచ్‌మన్ పేరు చెప్పింది. వాచ్‌మన్ తల గోక్కుని, "మీరే అన్నరంట గదా సార్" అన్నాడు.

అందరూ నవ్వారు, దయ్యం వదిలింది. నా ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత నేను ఎవరు ఏం చెప్పినా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నాను: చూసినవా, విన్నవా, అనుకున్నవా? శిక్షణకు వచ్చినవాళ్లకు ఒక నియమం కూడా పెట్టాను. బడికి పోయి ఒక పిల్లను గమనించి రావాలి. వచ్చి ఆ పిల్ల గురించి తరగతిలో చెప్పాలి. మనస్తత్వశాస్త్ర పుస్తకంలోని మాట ఒక్కటి కూడా వాడకూడదు.

ఇది ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి.

షాహీన్ తెచ్చిన మాట

నేను రిటైర్ కావడానికి కొంచెం ముందు మా దగ్గర షాహీన్ అనే అమ్మాయి చదివేది. వనపర్తిలో దర్జీ కూతురు. నా అల్మారాలో నవలలను అందరికంటే ముందు ఖాళీ చేసింది ఆమే. బడి అనుభవానికి ఆమెను వడ్డేపల్లి మండలంలో ఒక ఊరికి పంపారు. వారం తర్వాత వచ్చి, అయిదో తరగతి చదివే జమ్ములమ్మ గురించి చెప్పింది.

"మేడం, గా పిల్లకు బుద్ధిమాంద్యం ఉన్నది. స్వల్ప స్థాయి."

"ఆ మాట పుస్తకంల ఉన్నది. నువ్వు చూసింది చెప్పు."

"ఏం అడిగినా చెప్పదు మేడం. పేరు గూడ చెప్పదు. కిందికి చూస్కుంట నిలబడ్తది. బోర్డు మీదున్నది మాత్రం గీస్కుంటది."

"గీస్కుంటదా, రాస్కుంటదా?"

"గీస్కుంటది అన్నరు హెడ్మాస్టర్ సారు."

"నువ్వు చూసినవా?"

 వెనక బెంచీలో ఎవరో నవ్వారు. "నవ్వకుండ్రి. రేపు మీ వంతు గూడ వస్తది" అని షాహీనే వాళ్లను కసిరి, నిజం చెప్పింది. చూడలేదు.

అయితే ఆమె చెప్పిన ఇంకో విషయం విన్నాక నాకు నవ్వు రాలేదు. చదువులో వెనకబడిన పిల్లలను పరీక్షించడానికి వడ్డేపల్లిలో త్వరలో శిబిరం పెడుతున్నారు. అక్కడికి వచ్చే సైకాలజిస్టు జమ్ములమ్మను పరీక్షించి మాంద్యమని తేల్చితే, పిల్లను హైదరాబాదులో ప్రత్యేక హాస్టలుకు పంపాలని హెడ్మాస్టరు ఏర్పాటు చేశాడు. తల్లిదండ్రులు ఊళ్లో లేరు. పిల్ల ఉన్నది అవ్వ దగ్గర. అవ్వ సరే అంది.

హెడ్మాస్టరును తప్పుపట్టను. ఆ ఊరికి ఆ ఏడే వచ్చిన మనిషి. మంచివాడు. "హాస్టల్ల పడితే మూడు పూటలు తింటది మేడం, ఎవరన్న చూస్కుంటరు" అని నాతోనే అన్నాడు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. నిజంగా మాంద్యం ఉన్న పిల్లలు ఉన్నారు. వాళ్లకు పరీక్ష కావాలి, హాస్టలూ కావాలి, నేను వాటికి వ్యతిరేకిని కాను. మాంద్యం లేని పిల్ల మీద ఆ మాట పడితే? తనవాళ్లకు దూరంగా, తనకు తగని చోట పెరుగుతుంది. ఆ కాగితం బతుకంతా వెంట నడుస్తుంది. ఊళ్లో దయ్యం అంటారు, మనం మాంద్యం అంటాం. పరీక్షించి చూడకపోతే ఈ రెండు మాటలకూ తేడా ఏముంది?

షాహీన్ అల్లిన కథ

రెండోసారి షాహీన్ బాగా తయారై వచ్చింది. పుస్తకం మాట ఒక్కటి వాడలేదు. చీకటి గది, గోడ మీద దండ వేసిన ఫోటో, ఆ ఫోటో కింద చాప మీద పడుకునే పిల్ల. తల్లి చనిపోయిన రోజు నుంచి పిల్ల మాట కూడా తల్లితోనే పోయింది. చెబుతూ చెబుతూ షాహీన్ ఏడ్చింది. తరగతిలో సగంమంది కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. నవలలు చదివే మనిషిని కదా.

తర్వాత అడిగాను. "తల్లి చనిపోయిందని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పలే మేడం. అనిపించింది. ఇంట్ల తల్లి కనపడలే. ఫోటోకు దండ ఉన్నది."

"ఫోటో ఎవరిది?"

"ఆడమనిషిదే మేడం."

ఆ ఆదివారం ఇద్దరం బస్సెక్కి ఆ ఊరికి వెళ్లాం. అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. షాహీన్ ఫోటో గురించి అడిగింది.

"అది మా అత్త ఫోటో సారమ్మా. సచ్చి శానా ఏండ్లాయె. నా కోడలు బంగారం లెక్కున్నది పూణెల. జర ముందే ఫోన్ జేసింది."

షాహీన్ ముఖం ఎర్రబడింది. నేను అడిగాను. "మరి మీ మనవరాలు ఎవరితోని మాట్లాడదా?"

"మాట్లాడదా? దాని నోరు మూపిచ్చినోళ్లకు కోడిని గోసి పెడ్త. మ్యాకలతోని గూడ ముచ్చటే."

"మరి హాస్టలుకు ఎందుకు ఒప్పుకున్నవ్ అవ్వా?"

"సార్లు సదువుకున్నోళ్లు. మందబుద్ది అన్నరు. ఇంట్ల మంచిగనే ఉంటదయ్యా అంటే, నీకు తెల్వదవ్వా అన్నరు. నాకు తెల్వదేమో అనుకున్న."

ఈ మాట నన్ను కాల్చింది. పిల్లను పుట్టినప్పటి నుంచి పెంచిన మనిషి, తాను రోజూ చూస్తున్నదాన్ని మన మాట విని అనుమానించింది. చదువుకున్నవాళ్ల నోటి నుంచి వచ్చే మూఢనమ్మకం ఎంత బలమైనదో చూడండి.

ఇంటి వెనక నుంచి గొంతు వినిపించింది. ఒక పిల్ల మేకను తిడుతోంది, ఆ మేక వాళ్ల అమ్మను కూడా కలిపి తిడుతోంది. ఇంత స్పష్టమైన తిట్టు నేను ఈ మధ్య వినలేదు. తొంగి చూశాం. మమ్మల్ని చూసింది. షాహీన్ భుజానికి సంచి ఉంది, చేతిలో పెన్ను, కాగితం ఉన్నాయి. మాట తెగిపోయింది. నేల చూపులు మొదలయ్యాయి.

బస్సులో తిరిగి వస్తూ నేను ఒకటే ఆలోచించాను. పిల్లకు నోరుంది, గొంతుంది, మాటుంది. మమ్మల్ని చూడగానే ఆగింది. ఇన్నాళ్లూ పిల్లలో ఏం లోపం ఉందని వెతికాం. అసలు మాలో ఏముంది?

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. బిట్ల పుస్తకం షాహీన్ చేత ఒక పేరు పెట్టించింది. నవల ఒక తల్లిని చంపించింది. నవలల పక్షాన అంత వాదించిన నేను ఆ రోజు ఒప్పుకోక తప్పలేదు, కన్నీళ్లు రుజువు కావు. ఏడిపించినంత మాత్రాన కథ నిజం కాదు.

"అందుల ఏమున్నది?"

హెడ్మాస్టరుకు విషయం చెప్పాం. "ఇంట్ల మాట్లాడితే ఏం లాభం మేడం? శిబిరంల మాట్లాడాలె గదా" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది.

షాహీన్‌తో అన్నాను, ఇక ఆ పిల్లను ఏమీ అడగవద్దని, ఊరికే దగ్గరలో కూర్చోమని.

"ఖాళీగ ఎట్ల కూసోవాలె మేడం? పిచ్చిదనుకుంటరు."

"నవల చదువుకో."

మధ్యాహ్నం పిల్లలు అన్నం తిన్నాక, షాహీన్ బడి వరండాలో గోడకు ఆనుకుని నవల చదువుకుంది. చేతిలో పుస్తకం తప్ప ఇంకేమీ లేదు. మూడో నాడో నాలుగో నాడో పక్కన నీడ పడింది.

"అందుల ఏమున్నది?"

తలెత్తితే జమ్ములమ్మ. షాహీన్ తెలివిగా మళ్లీ పుస్తకంలోకే చూసింది.

"ఒక కోడలు ఉన్నది. రోజు వంటింటికి తాళమేస్తది."

"ఎందుకు?"

"నాకు తెల్వదు. ఇంక సగముంది."

"నువ్వు టీచరువి గదా?"

"టీచర్నైతే ఏంది? చదివితేనే తెలుస్తది."

పిల్ల అక్కడే కూర్చుంది. "చదువు మరి" అంది.

ఆ రోజు నుంచి వరండాలో నవల నడిచింది. తాళం వెనక ఏముందని జమ్ములమ్మ రోజుకొకటి ఊహించేది. పిల్లి ఉండొచ్చు. అత్త తింటదని బుగులు గావచ్చు. ఎవర్నన్న దాసిపెట్టింది గావచ్చు. పక్క పిల్లలూ చేరారు, వాళ్లూ ఊహించారు. షాహీన్ రోజూ సాయంత్రం వచ్చి నాకు చెబుతుంటే, నాకూ ఆ తాళం వెనక ఏముందో తెలిసినా తెలియనట్టే అనిపించేది.

నేను నలభై బిట్లలో చెప్పలేనిది ఆ పిల్ల ఒక్క ప్రశ్నలో చెప్పింది. అడిగేవాళ్లకు జవాబు ముందే తెలుసని తెలిస్తే పిల్ల నోరు మూసుకుంటుంది. టీచరుకు కూడా తెలియదన్నప్పుడే వచ్చి పక్కన కూర్చుంది.

ఒకరోజు షాహీన్‌కు ఒక వాక్యం బాగా నచ్చింది. కింద గీత పెట్టుకుందామని సంచిలో నుంచి పెన్ను తీసింది. జమ్ములమ్మ లేచి నిలబడింది.

"రాస్తున్నవా?"

"లే, గీత వెడ్తున్న."

"రాయకు."

"ఎందుకు?"

పిల్ల అటూ ఇటూ చూసింది. షాహీన్ పెన్నును లోపల పెట్టేసింది. అప్పుడు చెప్పింది.

"జీపుల సారు వచ్చిండు గదా నిరుడు ప్లాటు కాడికి. గిట్లనే పెన్ను తీసిండు. పేరేంది అన్నడు, వయసెంత అన్నడు, పొద్దుగాల ఏం పని జేస్తవ్ అన్నడు. నేను అన్ని కరెక్టు చెప్పిన. ప్లాటు బందైంది. అందరొచ్చి మా అవ్వను తిట్టిండ్రు. ఇగ పెన్నున్నోళ్లకు ఏం చెప్పనని ఒట్టేస్కున్న."

గద్వాల వైపు వాళ్లకు ప్లాటు అంటే తెలుసు. తెలియనివాళ్లకు చెబుతాను. ఇక్కడ విత్తనాల కోసం పత్తి పండిస్తారు, ఆ చేనునే ప్లాటు అంటారు. సాయంత్రం మొగ్గలు గిల్లి పెట్టాలి, మరుసటి పొద్దున వేరే రకం పూల పుప్పొడి తెచ్చి వాటికి అద్దాలి. క్రాసింగ్ అంటారు. వంగి చేసే పని, చిన్న వేళ్లతో చేసే పని. అందుకని పిల్లలను పెడతారు. అది చట్టానికి విరుద్ధం కాబట్టి అధికారులు వస్తారు, అడుగుతారు, రాసుకుంటారు.

వాళ్లు రావడం తప్పని నేను అనను. రావాలి. కానీ యజమాని చూస్తుండగా పిల్లను నిలబెట్టి అడిగి, రాసుకుని, జీపెక్కి వెళ్లిపోయాక ఆ పిల్ల ఏమైందో చూడడానికి ఎవరూ రాలేదు. నిజం చెప్పినందుకు అవ్వకు ఊరంతటి తిట్లు పడ్డాయి. తొమ్మిదేళ్ల పిల్ల దాన్ని చూసి ఒక నిర్ణయానికి వచ్చింది. కారణం, కార్యం, తీర్మానం. ఇంతకంటే తర్కబద్ధంగా నేను ఏ వాదసభలోనూ మాట్లాడలేదు. దానికి మనం పెట్టిన పేరు మాంద్యం.

పెన్ను చేతులు మారింది

కారణం తెలిసింది. అయినా చిక్కు తీరలేదు. ఎవరికీ చెప్పనని జమ్ములమ్మకు షాహీన్ మాట ఇచ్చింది, కాబట్టి శిబిరంలో ఆ సంగతి చెప్పే వీలు లేదు.

"నాకు చెప్పినవ్ గదా" అన్నాను.

"మీకు చెప్తనని దానికి చెప్పే వచ్చిన మేడం. ఆమె కాడ పెన్నుంటదా అన్నది. ఉండదు అన్న. గట్లైతే సరే అన్నది."

శిబిరం రోజు నేనూ వెళ్లాను. ఒక గదిలో బల్ల వేశారు. సైకాలజిస్టు కుర్రవాడు, మర్యాదస్తుడు. పక్కన హెడ్మాస్టరు. గుమ్మంలో అవ్వ, చేతిలో పిల్ల బట్టల మూట. ఆ రోజే బండి ఎక్కిస్తారనుకుని తెచ్చేసింది. ఆ మూట చూసి షాహీన్ నా చెయ్యి పట్టుకుంది.

సైకాలజిస్టు కాగితం ముందుకు జరుపుకున్నాడు. జేబులో నుంచి పెన్ను తీసి నొక్కాడు.

"పేరేంటమ్మా?"

జమ్ములమ్మ నేలకేసి చూసింది.

"వయసెంత?"

నేల. హెడ్మాస్టరు నావైపు తిరిగి, చూసిండ్రా అన్నట్టు తలాడించాడు. సైకాలజిస్టు రాసుకోబోయాడు.

"అయ్యా, ఆ పెన్ను ఒక్కసారి పిల్లకు ఇయ్యండి" అన్నాను.

"మేడం, దీనికో పద్ధతి ఉంటుంది."

"పద్ధతి ఎవరి కోసం? పిల్లను తెలుసుకోవడానికే కదా. ఆమెనే అడగనియ్యండి. మీరు జవాబు చెప్పండి. పది నిమిషాలు పోతే మీకు నష్టమేమీ లేదు."

ఆయన చిరాకు పడ్డాడు కానీ పెన్ను ఇచ్చాడు. జమ్ములమ్మ తీసుకోలేదు. షాహీన్ వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"జమ్ములు, పెన్ను నీ కాడ ఉంటే ఇగ ఇంకెవరు రాస్తరు? నువ్వే సారువి. ఇయ్యాల మేం చెప్తం, నువ్వు రాస్కో."

పిల్ల పెన్ను తీసుకుంది. కాగితం తన వైపు తిప్పుకుంది.  తర్వాత తలెత్తి, హెడ్మాస్టరును పైనుంచి కిందికి చూసింది.

"పేరేంది?"

ఆయన ఉలిక్కిపడి పేరు చెప్పాడు.

"గట్టిగ చెప్పు."

మళ్లీ చెప్పాడు. ఆమె రాసుకుంది. గీసుకోలేదు, రాసుకుంది. అక్షరం అక్షరం.

"వయసెంత?"

"యాభై దాటినయ్."

"పొద్దుగాల ఏం పని జేస్తవ్?"

"బడికొస్త."

"బడికి రాకముందు?"

"పాల ప్యాకెట్ తెస్త. వాకింగు పోత."

"ఎవరు తోల్కపోతరు?"

హెడ్మాస్టరు నవ్వబోయాడు.

"నవ్వకు. నిజం జెప్పు. ఎవరన్న కొడ్తరా?"

నవ్వు ఆగిపోయింది. ఆ ఊరి ప్లాట్ల సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఈ ప్రశ్నలు ఎవరివో, ఎక్కడ అడిగినవో ఆయనకు అర్థమైంది. నేనూ షాహీనూ ఒక్క మాట చెప్పనక్కరలేకపోయింది.

సైకాలజిస్టు తన ముందున్న రెండో కాగితం తీసి చూసుకున్నాడు. "మేడం, నా కాగితంలో మొదటి మూడు ప్రశ్నలు కూడా ఇవే" అన్నాడు మెల్లగా.

గుమ్మంలో అవ్వ మూటను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "బండి ఎప్పుడొస్తది సారూ?"

"బండి రాదవ్వా" అన్నాడు హెడ్మాస్టరు. "పిల్లను ఇంటికి తోల్కపో."

తర్వాత సంగతి

ఆ సైకాలజిస్టును మెచ్చుకోవాలి. పట్టుదలకు పోలేదు. తర్వాత బడికే వచ్చి, వరండాలో కూర్చుని, మాటల మధ్య పరీక్ష పెట్టి, పిల్ల వెళ్లిపోయాక రాసుకున్నాడు. మాంద్యం లేదని తేల్చాడు. శాస్త్రం అంటే అదీ. తన పద్ధతిని కూడా అనుమానించగలిగినప్పుడే అది శాస్త్రం, లేకపోతే అదీ ఒక మంత్రమే.

గెలిచామని మాత్రం అనుకోకండి. హెడ్మాస్టరు, నేను కలిసి ప్లాట్ల యజమానులతో మాట్లాడాం. పిల్ల పేరు ఎత్తలేదు. గట్టిగానే వాదించాను, వాళ్లు ఓపిగ్గానే విన్నారు. మరుసటి పొద్దున క్రాసింగ్ మామూలుగానే నడిచింది. అవ్వ మాత్రం జమ్ములమ్మను తీసుకుపోవడం మానేసింది. మిగతా పిల్లలు పోయారు. ఆ లెక్క నాకు ఇంకా తెగలేదు, మీకు అప్పగిస్తున్నాను.

నవల కూడా పూర్తయింది. ఆ కోడలు వంటింట్లో దాచింది ఏమీ లేదు, ఇల్లంతటిలో తనదంటూ ఒక్క గది కావాలనుకుంది, అంతే. జమ్ములమ్మకు నచ్చలేదు. "గంతేనా? నేననుకున్నదే మంచిగుండె" అంది. మనస్తత్వశాస్త్ర పుస్తకాలను కూడా ఇలాగే చదవాలని అప్పటి నుంచి నా శిష్యులకు చెబుతూ వచ్చాను. ముందు నువ్వు ఊహించు, తర్వాత పుస్తకం చూడు, నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఎందుకో చెప్పు.

షాహీన్ ఇప్పుడు టీచరు. జమ్ములమ్మ గద్వాలలో ఇంటర్ చదువుతోంది. ఈ సంగతి రాయవచ్చా అని మొన్న ఆమెనే అడిగాను.

"రాస్కో మేడం. పేరు మాత్రం నాది పెట్టకు. జమ్ములమ్మ అని పెట్టు" అంది. కాగితం మీద పడే పేరును ఈసారి తనే ఎంచుకుంది.

ఇక మీ వంతు. రేపు బడికి పోయాక, మీరు పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టిన ఆ పిల్ల దగ్గరికి వెళ్లండి. పెన్ను తీసి ఆ పిల్ల చేతిలో పెట్టండి. మీకింకా ముగింపు తెలియని నవల ఒకటి తెరుచుకుని పక్కన కూర్చోండి. మొదటి ప్రశ్న ఆ పిల్ల అడిగేదాకా నోరు విప్పకండి.